ముదురు పాకం

టౌన్స్‌విల్‌లో ఫిబ్రవరి.
గాలిని పిండితే గ్లాసెడు నీళ్ళు.
ఎదురింటి నోయలీన్‌కి రేపు ఎనభై నిండుతాయి.
ఆమె ఇంటినే కేకుగా చేసిస్తానని
నోరు జారాను.

గోడలదేముంది.
వెనిలా కేకు నాలుగు దిమ్మలు, నడుమ నిమ్మ క్రీము,
వరండాకి పచ్చరంగు చక్కెర కమ్మీలు,
ఆరు మెట్లు, చివరి మెట్టు మీద
ఆమె కుక్క, బాదంపప్పుతో.
తిప్పలన్నీ కప్పుతోనే.

మొదటిది అల్లం బిస్కెట్టు.
రాత్రి ఓవెన్‌లోంచి తీసినప్పుడు రాతి పలక.
తెల్లారేసరికి
మూత మరిచిన డబ్బాలో అప్పడంలా
నడుం వాల్చేసింది.

రెండోది చాక్లెట్టు.
దాని సంగతి అడక్కండి.
పదింటికల్లా అది కప్పు కాదు, కాలవ.

నోయలీన్ మేనల్లుడు క్లారీ
ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి ఇళ్ళకి రేకులు వేస్తున్నవాడు,
అద్దె కుర్చీలు దించడానికొచ్చి
వంటింటి గుమ్మంలో ఆగాడు.
కేకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
వంగి చూరు కింద చూసి
"బరువు గోడ మీద వేశావు, నేల మీద వెయ్యి" అన్నాడు.
వెళ్ళబోతూ వెనక్కి తిరిగి,
"ఇక్కడ కప్పులు కూలవమ్మా,
లేచిపోతాయి."

పిల్లదాని బబుల్ టీ గొట్టాలు ఆరు
కేకు పైనుంచి అడుగు చెక్కదాకా దింపాను.
ఆ తర్వాత బెల్లం.

తీగ పాకం దాటింది, ఉండ పాకం దాటింది,
అరిసెలకైతే ఈపాటికి దించేదాన్ని.
దించలేదు.
చన్నీళ్ళలో చుక్క వేసి
తీసి పళ్ళేనికేసి కొడితే
టంగుమంది.

నువ్వులు పోసి, నెయ్యి రాసిన బండ మీద పరిచి
వేడి ఆరేలోగా
అల్లిక సూదులు వరసగా ఒత్తాను.
రేకు మీద గాళ్ళు పడ్డాయి,
నా బొటనవేలి మీద బొబ్బ లేచింది.
చెమ్మ తగలకుండా అటూ ఇటూ కోకో వెన్న పూత.
కాల్చిన పుల్లతో మూలమూలా బెజ్జాలు పొడిచి
గొట్టాల్లోకి లవంగాలు దిగేశాను,
పాకం చుక్కతో అతికించి.
మేకులంటే ఇవే కదా, కాస్త వాసన ఎక్కువ.

క్లారీ చూరు కింద వేలు పెట్టి పైకి తోశాడు.
ఇల్లంతా కదిలింది,
కప్పు మాత్రం ఇంటిని వదల్లేదు.
ఏమీ అనకుండా ఒక లవంగం నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రం కత్తి జారిపోయింది.
రొట్టె కోసే రంపపు కత్తీ జారిపోయింది.
అందరూ నవ్వారు, నోయలీన్ తప్ప.

ఆ తుఫాను రాత్రి
స్నానాల తొట్టిలో, పైన పరుపు కప్పుకుని,
కుక్కని కడుపుకి అదుముకుని ఉన్నదట.
ఒక మేకు అరిచింది, అంది.
తర్వాత ఇంకోటి.
తర్వాత పరుపు పక్కకి తీస్తే
నక్షత్రాలు కూడా లేవు.

"క్లారీ, సుత్తి."

మొదటి దెబ్బకి ఏమీ కాలేదు.
రెండోదానికి బాదం కుక్క కింద పడింది.
మూడోదానికి నడికప్పు పగిలి
నువ్వులు చొక్కాల మీద, గ్లాసుల్లో,
ఎవరిదో చెవి వెనక.
"ఈసారి," అంది ఆయాసపడుతూ,
"నేను లోపల లేను."

అందరూ వెళ్ళాక వాన మొదలైంది.
కట్టుడు పళ్ళు తీసి కప్పులో పెట్టి
చూరు ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని
వరండాలో కూర్చుంది నోయలీన్.
పైన అసలు రేకుల మీద చినుకుల మోత.
పళ్ళేలు కడిగి వచ్చి
కరిగిందా అని అడిగాను.

ఇంకా లేదని
తల ఊపింది.