మూడో వరస

పెదజాలారిపేట మలుపులో కొత్త స్తంభం,
నెత్తిన నల్లటి బుడగ.
మీ మంచికే, అన్నాడు ఎస్సై.
ఆనాటి నుంచి చోడిపల్లి ఎర్రమ్మ
గుమ్మంలో తల దువ్వుకోవడం మానేసింది.

నిన్న స్టేషన్‌కి పిలిచారు.
హార్బర్ ధర్నాలో మూడో వరస. నువ్వేనా?
తెర మీద ఆమె నోరు తెరిచే ఉంది, గొంతు లేదు.
"ఆవులించినాను బాబూ" అంది.
రైటర్ నవ్వబోయి
గోడ మూలకి తలెత్తి చూసి
మళ్లీ రాసుకున్నాడు.

రాత్రి పడవల చాటున, స్తంభానికి అందని ఇసకలో కూర్చుంది.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది
సంద్రంలో ఉన్న మొగుడికి దారి చెబుతూ.
అదీ ఎత్తునే ఉంటుంది.
కానీ చూడదు,
కనబడుతుంది, అంతే.
వెలుగు అటు తిరిగాక
కొప్పు విప్పి
దువ్వెన తీసింది.