ఆరో గంట

లింకన్‌షైర్ పల్లపు నేలల్లో గాలికి అడ్డం
ఒక్క చర్చి గోపురమే.
లోపల ఆరు గంటలు, ఆరు తాళ్లు,
తాడుకో మనిషి.

అక్కడ పాట మోగించరు.
ఒకటి రెండు మూడు నాలుగు అయిదు ఆరు,
చిన్నగంట నుంచి పెద్దగంటకు
మెట్లు దిగినట్టు మొదలు.
ఆపైన పక్కపక్కవాళ్లు చోట్లు మార్చుకుంటారు:
రెండు ఒకటి నాలుగు మూడు ఆరు అయిదు.
ఒకసారికి ఒక్క అడుగే.
ఎగిరి దూకుదామంటే
అంత కంచు మాట వినదు.
మోగిన వరుస మళ్లీ మోగకూడదు.
ఏడువందల ఇరవై వరుసలు,
అరగంటలోపు, కాగితం చూడకుండా.

"మొదటి చోటుకి ఆరుగురిలో ఎవరైనా,
రెండో చోటుకి అయిదుగురిలో ఎవరైనా,
చివరివాడికి ఎంపిక లేదు, మిగిలిందే అతనిది"
బడిలో పిల్లలకు చెబుతుంది హెస్టర్ మాడ్లింగ్.
మూడో తాడు ఆమెది.
చివరివాడి గురించి ఎన్నడూ ఆగి ఆలోచించలేదు.

ఫిబ్రవరిలో ఆంబ్రోస్ థర్ల్‌బీ పోయాడు.
బీట్‌దుంపల లారీ తోలిన చేతులు.
ముప్పయ్యేళ్లు ఆరో తాడు.
ఎవరు తడబడినా ఒకటే మాట:
"కంగారు పడకు, అది తిరిగొస్తుంది."

ఆ రోజు గంటల నాలుకలకు ఒకవైపు తోలు కట్టారు.
ఒక దెబ్బ దగ్గర,
ఒక దెబ్బ ఏటి అవతల.
అయిదుగురే లాగారు.
ప్రతి వరుస చివరా
ఎవరూ చెప్పుకోకుండానే
ఒక గంటంత ఖాళీ వదిలారు.
నూట ఇరవై. అయిదు నిమిషాలు పట్టలేదు.

హెస్టర్ బుర్ర ఊరుకోదు, తీసివేసింది.
ఆరువందలు పోయాయి:
అతను ముందున్నవీ, నడుమ దూరినవీ,
ఆమె పక్కనే మోగినవాటిలో చాలా.
మిగిలినవన్నీ
అతను ఆఖరున ఉన్నవే.

కింద గదిలో డడ్లీ అలవాటు కొద్దీ ఆరు కప్పులు పెట్టాడు.
బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరైనా ఒకటే.
ఆరుగురిలో అయిదుగురు మిగలడానికి
ఆరే దారులు.
ఒక్కోదాంట్లో ఒక్కొక్కరు లేరు.
ఒకదాంట్లో తను లేదు.
టీ చల్లారిపోయింది.
ఇన్ని వరుసలు మార్చారు గానీ
వాళ్లలో వాళ్లకి వరసలేమీ లేవు,
ఎవరికెవరూ ఏమీ కారు.
అయినా ఆరో కప్పు ఎవరూ తీయలేదు.

ఏప్రిల్లో ఒక మంగళవారం
డాఫొడిల్స్ కోతకొచ్చిన లిథువేనియా కుర్రాడు
మెట్లెక్కి తొంగిచూశాడు. రోకాస్ అట.
"బరువా?"
హెస్టర్ కొక్కెం నుంచి తాడు విప్పింది.
ఎర్ర ఊలు రెండు చోట్ల అరిగి ఉంది.
అతని చేతులు
కొంచెం పైన పడ్డాయి.