గొడుగు పట్టినోడు

ముహర్రక్ రేవుల పొద్దుగాల ఆరింటికే ఇనుము కాలుతది.
పడవ కడిగి, కండ్లద్దాలు కడిగి
తువాళ్ళు పదిహేను మడతేసి పెడత.
ముత్యాల వేట. మనిషికి ఇరవై అయిదు దినార్లు,
మునిగినోళ్ళకు దొరికింది దొరికినట్టే.
నేను మునగ. నాకు ఈత రాదు.
మాది కాలువ తవ్వినంక గూడ నీళ్ళు రాని ఊరు.

మునిగే ముందు మ్యూజియం చూపిస్తరు.
అద్దాల పెట్టెల ఒక ఖాతా బుక్కు:
నావ యజమాని పద్దు, మునిగేటోని అప్పు,
వాడు సచ్చినంక కొడుకు పేర ఎక్కిన అప్పు.
"అది పాతకాలం" అంటడు గైడు.
అందరు అయ్యో అంటరు, ఏసీ కింద.
మా దిక్కు వడ్డీని మిత్తి అంటం.
సావును గూడ మిత్తే అంటం.
జగిత్యాల ఏజెంటుకు నెలనెలా కట్టేది ఏదో
నాకు తెల్వది.

పక్కపెట్టెల ఒక రూపాయి. రాజు తలకాయ రూపాయి.
అరవై ఏండ్ల కిందటి దాక ఈడ గూడ రూపాయే నడిసిందట.
మా అవ్వ దాన్ని కల్దారు అనేది,
కొంగుముడిల కట్టుకొని
పండుకున్నప్పుడు గూడ ఇడిసేది కాదు.
నాకన్న ముందే సముద్రం దాటిందన్నట్టు,
వీసా లేకుంట.

ఇయ్యాల వచ్చినామె కవరుల నుంచి ఫోటో తీసింది.
"మా తాత. ఇక్కడి విమానాల అడ్డాల ఆఫీసర్."
ఆమె అన్నది ఆఫీసర్ అనే.
నాకు దొర అని ఇనబడ్డది.
ఈ గోడ ముందటనే దిగిండ్రు. నిజమే, అదే గోడ,
సున్నం కొత్తది.
కుర్చీల దొర, పక్కన దొరసాని, కాళ్ళకాడ కుక్క,
ఎనుక ఒకడు గొడుగు పట్టుకొని.
నీడంత దొరది. ఎండంత వానిది.

ఫోటో తిప్పి చదివింది:
తాత పేరు, నాయనమ్మ పేరు, కుక్క పేరు టోబీ.
"వీడెవరై ఉంటడు?" అని నన్నడిగింది,
నాకేదో చుట్టమైనట్టు.
శానాసేపు చూసిన.
బరువంత ఎడమకాలు మీదేసి
కుడికాలు సగం లేపి నిలబడ్డడు.
అట్ల నిలబడితే మూడు గంటలు ఆగొచ్చు.
అది నాకెరుకే.

తర్వాత మునిగింది. ముప్పై ఎనిమిది చిప్పలు.
సిరాజుల్ కత్తి పెట్టి ఒక్కొక్కటి తెరిచిండు.
ముప్పై ఏడిట్ల ఉత్త మాంసం,
ఒక్కదాంట్ల కొర్రగింజంత తెల్లగ.
పడవంత చప్పట్లు. నేను గూడ కొట్టిన,
భుజం మీది తువాలు జారకుంట.

పోయేటప్పుడు నాతోని ఒక ఫోటో దిగింది.
"నీ పేరు చెప్పు, ఈసారి రాసుకుంట."
నాంపెల్లి, అన్న.
అక్షరం అక్షరం చెప్పిన.
ఆమె కొట్టింది, ఫోను దిద్దింది.
ఇటలీల ఏదో ఊరి పేరైందట,
నవ్వుకుంట చూపించింది.

మళ్ళ చెప్పిన.
ఎండకు అక్షరాలు కనబడ్తలేవు, ఆగుమన్నది.
ఫోను మీద
నా చెయ్యి అడ్డం పెట్టిన.