పొట్టు

గురువారాలు తాళంచెవి నా దగ్గరుంటుంది.
తలుపు తీయగానే తడి కోట్ల వాసన, మాడిన కాఫీ,
వాటి వెనక ఎండిన బాస్‌వుడ్ చెక్క తియ్యదనం.
గాజు బీరువాలకు డబ్బు చాలలేదు.
అందుకే సుపీరియర్ సరస్సు ఒడ్డు జంతువులన్నీ
మా ప్రకృతి కేంద్రంలో ఆరుబయటే నిలబడతాయి:
నీటికుక్క, చలికాలపు తెల్ల కుందేలు,
మెడ తిప్పి వీపుమీది పిల్లను చూసుకునే లూన్ పక్షి.
అన్నీ వైనో కెస్కిటాలో చెక్కినవే.
ఇనుప గనిలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి
వినికిడిని అక్కడే వదిలేసి పైకొచ్చిన మనిషి.

నా పని దుమ్ము దులపడం.
మా అమ్మాయి పారేసిన పౌడరు బ్రష్షుతో
రెక్క మొదలు నుంచి కొసదాకా, ఈక గీత తప్పకుండా.
ఎదురు దువ్వకూడదని
నాకు నేనే పెట్టుకున్న నియమం.

మార్చిలో, వడ్రంగి పిట్ట కింద
చిటికెడు పొట్టు.
ఊదేశాను. పై గురువారానికి
మళ్లీ చిటికెడు, పిండిలా మెత్తగా.
కడుపు కింద గుండుసూది మొన పట్టేంత చిల్లి.

కమిటీ కూడింది. ఐదుగురం, ఒక కేకు.
మందు కొట్టాలన్నాడు లెక్కలు రాసే డెల్మర్.
గడ్డకట్టిస్తే చస్తుందంది ఇర్మా;
తన ఫ్రీజర్లో జింక మాంసం పక్కన చోటుందట.
చెక్కినాయన్నే అడుగుదామని తోచేసరికి
కేకు అయిపోయింది.

వచ్చాడు, మంచు బూట్లు విప్పకుండానే.
పిట్టనెత్తి చెవికి కాదు,
దవడ ఎముకకు ఆనించుకున్నాడు.
చాలాసేపు.
మేం కుర్చీలు కదపలేదు.
"లోపల మనిషున్నాడు," అన్నాడు. "నైట్ షిఫ్టు."
మరి కాసేపాగి,
"పదకొండేళ్లుగా పస్తున్న పిట్ట.
ఇప్పటికి కడుపులో ఏదో పడింది.
ముక్కే అందదు, పాపం."

ఏప్రిల్ ఆఖర్న నిచ్చెన తెచ్చుకుని
కిటికీ ఎదుటి ఎండు బర్చి మానుకు
తన పిట్టను తనే మేకేసి కొట్టాడు.
డెల్మర్ జాబితాలో ఆ వరుస కొట్టేశాడు, పెన్ను గట్టిగా నొక్కి.

మే నెలలో అసలు వడ్రంగి వచ్చింది.
ఎర్ర నెత్తి, అడ్డంగా మెడ వంచి
మొదట ముక్కుకు ముక్కు చూసింది,
తర్వాత కడుపుమీద పడింది.
రంగులేసిన పేళ్లు గడ్డిలో రాలాయి.
వైనో ఆ చప్పుడు వినలేదు.
కిటికీ అద్దానికి దవడ ఆనించి
నవ్వుతున్నాడు.

అరలో పేరున్న అట్టముక్క అలాగే ఉంచాం.
బడిపిల్లలు అడుగుతారు, పిట్టేదని.
కిటికీ వైపు చూపిస్తాను.
ఉంటే ఉంటుంది.