పస్రా దాటినంక

రామప్ప చూసినంక లక్నవరం పోవాలె, లెక్క ప్రకారం.
మార్తమ్మ మ్యాపు మడిచి అన్నది:
"ఏదన్న బడి చూపియ్యి ముత్తిలింగం."
వెనుక సీట్ల మూడు అట్టపెట్టెలు
హైదరాబాదుల ఎక్కిన కాడి నుంచి గలగలమంటనే ఉన్నయి.

పస్రా దాటినంక ఎడమకు మలిపిన.
డాంబరు అయిపోయి మొరం,
మొరం అయిపోయి ఇసుక,
వాగుల దిగేటప్పుడు ఏసీ బంద్ చేసిన.

చింతలగుంపు. రేకుల షెడ్డు, ఒకటే అర్ర.
గోడకు సున్నం కన్న గుణింతాలే ఎక్కువ.
పద్దెనిమిది మంది పిల్లలు.
సారుకు మండలంల మీటింగట,
వంట జేసే కన్నమ్మ
గంటె పట్టుకొనే ఎక్కాలు చెప్పిపిస్తుంది.

పెట్టెలు ఇప్పిన్రు.
అరవై పెన్సిళ్లు, రంగుల డబ్బాలు,
పండ్ల వాసన రబ్బర్లు.
ఒకడు కొరికిండు, ఉమ్మిండు,
మళ్ల వాసన చూసిండు.
ఊదితే ఉబ్బే భూగోళం ఒకటి.
లూక్ దొర ఊది ఊది ఎర్రబడ్డడు గాని
సముద్రాలు సగమే నిండినయి.

ముందల నిలవడ్డ పిల్ల పేరు ఉంగి.
దాని చేతిల బొటనేలంత పెన్సిలు,
ఖాళీ పెన్ను గొట్టంల దూర్చి పొడుగు జేసుకుంది.
కొత్తది తీసుకున్నది, పాతది పారెయ్యలె.
మార్తమ్మ మొఖం దిక్కు చూసుకుంట
కోయల ఏదో అడిగింది.
దేవ అనే పోరడు నాకు తెలుగు జేసిండు:
"ఇవన్నీ మాకే ఇచ్చిన్రు గద,
మరి ఆళ్ల ఊర్ల పిల్లలు
ఇప్పుడు దేంతోని రాస్తున్రట?"

పన్నెండేండ్లాయె నేను టూరిస్టు బండి నడపవట్టి.
నా ఇంగ్లీషుల తొవ్వలుంటయి, రేట్లుంటయి,
గుడి కట్టిన సంవత్సరం ఉంటది.
"థ్యాంక్యూ అంటుంది మేడం" అన్న.

మార్తమ్మ కండ్లు తుడుచుకుంది.
ఫొటో దిగుతమన్నరు, నేనే తీసిన.
అండ్ల ఉంగి ఒక్కతే నవ్వలె.
నా దిక్కే చూస్తుంది, జవాబు కోసం.

బండి మలుపుతుంటే
కన్నమ్మ అన్నీ మళ్ల పెట్టెలల్ల సర్ది
బీరువల వెట్టి తాళమేసుడు కనవడ్డది.
సారు వచ్చి రిజిస్టర్ల ఎక్కియ్యాలె గద.
అదీ చెప్పలె నేను.

ఆ రాత్రి హన్మకొండ లాడ్జిల
ఫ్యాను తిరిగినంత సేపు తిరిగిన మంచంల.

తెల్లారి జనగామ కాడ చాయ్‌కి ఆగినప్పుడు చెప్పిన,
క్రియలు లేని ఇంగ్లీషుల,
జేబుల పెన్ను తీసి, గాలిల రాసి, చేతులు తిప్పి.
రెండుసార్లు ఆమెకు తెల్వలె.
మూడోసారికి గ్లాసు కింద వెట్టింది,
సగం చాయ్ అట్లనే ఉంది.

బండెక్కినంక దొర అడిగిండు, ఏందని.
ఆమె తమ భాషల చెప్పుడు షురూ జేసింది.
చిన్న ప్రశ్ననే అది, ఒక్క ఊపిరిది.
ఆలేరు పోయింది,
భువనగిరి గుట్ట పోయింది,
ఆమె ఇంక చెప్తనే ఉంది.