కళింగపట్నం ఫీడరు

గాలి ఆగిన రెండో రాత్రి.
సరుగుడు తోటలో పడుకున్న స్తంభాల్ని
పగలంతా లేపాం పదిమందిమి.
ఎక్కడో ఇంకా తెగి ఉన్న తీగని
వెతకడం నా వంతు.
భుజాన తాడు, చేతిలో టార్చి.
బురదలో ఒక చెప్పు పోయింది,
రెండోది నేనే వదిలేశాను.

దీపస్తంభం ఒక్కటే తిరుగుతోంది.
దాని జనరేటరు దానిది,
సముద్రానికి చెప్పాల్సిన మాట
ఊరి నెత్తిమీంచి చెప్పుకుంటోంది.

అప్పుడు కనబడింది
వలలు ఆరేసే దిబ్బ పక్కన
పండిన తాటిపండంత వెలుతురు.
దొంగ కనెక్షనేమో అనుకున్నాను,
చచ్చిన తీగలోంచి ఎవడు లాగాడురా అని.

అరుగు మీద తవిటయ్య తాత.
"రా కరెంటోడా" అన్నాడు,
"నీ మీద కోపంతో కాదు లే,
నిద్దర పట్టక ఎలిగించినాను."

చూరుకి వేలాడుతోంది అది.
గుమ్మడికాయ ఆకారమే, కాని
గుమ్మడికాయకి బరువుంటుంది.
చీపురుపుల్లంత వెదురు బద్దలు
చుట్టలు చుట్టలుగా,
వాటి మీద కాగితం.
బడిపుస్తకంలో కాగితం కాదు,
ముసలిచేతి మీద నరాల్లా
నార కనబడే కాగితం.

వయసులో ఓడెక్కాడట, కలాసీగా.
కోబే రేవులో వానకి తడుస్తూ
ఓ పూటకూళ్ళ ఇంటి ముందు నిలబడితే
లోపలికి రమ్మన్నది మనిషి కాదు,
గుమ్మానికున్న లాంతరట.
చినిగినదొకటి అడిగి తెచ్చుకున్నాడు.
"మడిస్తే అప్పడం, తీస్తే కుండ.
ఎలగ అతికించినారో తెలవాలంటే
ఇప్పాల గదా" అన్నాడు.

జపాను చెట్టు బెరడు ఇక్కడెక్కడిది?
మా వైపు గోగు ఉంది.
ఆకు పులుసులోకి పోయింది,
కాడ గెడ్డలో నానింది పదిహేను రోజులు.
ఆ కంపుకి నాయనమ్మ
మూడుసార్లు పుట్టింటికి పోయిందట.
నార దంచి నీళ్ళలో కలిపి
పాత దోమతెరతో పైకి తేల్చి
గోడకి అతికించాడు, పిడకల పక్కనే.
గంజి జిగురు,
పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం.

ఇంత చెప్పాక కూడా
ఏదో మిగిలింది చెప్పకుండా.

నా తీగల్లో వెలుతురు
ఇంట్లోకి పోలీసులా వస్తుంది,
మూలమూలా వెతుకుతుంది.
ఇది అలా రాలేదు.
కాగితం దగ్గర చెప్పులు విడిచి
అప్పుడు బయటికొచ్చింది.
నిద్రపోతున్న నాయనమ్మ చెవికమ్మ కొంచెం,
వల మీద ఒకే ఒక్క ముడి,
నా బురద కాళ్ళు కూడా
సిగ్గుపడక్కర్లేనంత.
ఒక దీపప్పురుగు టప్ టప్ మని
కాగితాన్ని కొట్టి కొట్టి
కాలకుండానే అలిసిపోయింది.

"అమ్ముతావా తాతా?"
"ఎవుడు కొంటాడ్రా, కరెంటుండగా?"
నా మొహం చూసి
"నిన్ననలేదొరే" అన్నాడు.

చెరువుగట్టు అవతల దొరికింది తీగ.
తెల్లారగట్ల మూడూ పదికి
ఫ్యూజు వేసి కిందికి దిగాను.
ఊరు ఒక్కసారి కేకేసింది, మోటార్లతో సహా.
తాడు తాత దగ్గరే మర్చిపోయానని వెనక్కెళ్ళాను.

అరుగు మీద ట్యూబులైటు
నిలబడి ఉంది తెల్లగా.
లాంతరు కనబడలేదు.
అక్కడే ఉంది, వెలుగుతూనే ఉంది,
కాగితం మాత్రం ఉత్త కాగితమైంది.
తాత దాన్ని కాక
గోడని చూస్తూ కూచున్నాడు.

రెండు రాత్రులు,
అరచేతిలో పగిలిన బొబ్బ,
ఒక జత చెప్పులు
ఖర్చుపెట్టి తెచ్చిన కరెంటుని
నేనే వెళ్ళి
స్విచ్చి నొక్కి ఆపేశాను.

తాత ఏమీ అనలేదు. కాస్త జరిగాడు.

లాగుబుక్కులో మాత్రం రాశాను:
మూడూ పది. సప్లై వచ్చింది.