ఐదు రోజుల చీకటి

మా బ్రాంచిలో పదకొండు మందిమి.
ఫీజు కిటికీ దగ్గర గుమాస్తా
నా కాగితం చూసి కళ్ళజోడు దించాడు.
"ఎన్విరాన్‌మెంటలా? కంప్యూటర్స్ రాలేదామ్మా?"
దగ్గరి చుట్టం పోయినట్టు అడిగాడు.
వచ్చింది. నేనే పెట్టుకోలేదు.

నాయన అడిగింది ఒక్కటే:
"నీళ్ళ చదువేనా మే?"
"నీళ్ళదీ, గాలిదీ, చెత్తదీ."
"నీళ్ళదుంటే చాల్లే."

మైపాడు కాడ రొయ్యల గుంటల మీద
పదహారేళ్ళుగా ఆయనది రాత్రి కాపలా.
తెల్లారుజాము మూడింటికి
గట్టు మీద గొంతుక్కూర్చుని
అరచేత్తో నీళ్ళు తీసి వాసన చూస్తాడు.
రొయ్యలు పైకి తేలి మీసాలాడిస్తుంటే
"ఊపిరాడటంలా వీటికి" అంటా
ఏరేటర్ల మీట కాడికి పరిగెత్తుతాడు.
ఆయన ముక్కుకు తెలిసినదానికి
రెండో సంవత్సరంలో నాకు పేరు దొరికింది,
కరిగిన ఆక్సిజన్,
లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని.

ల్యాబులో నీళ్ళు రంగులు మారుస్తాయి.
మందులు రెండూ పోస్తే గోధుమ రంగు మడ్డి,
వరదప్పుడు పెన్న తెచ్చే ఒండ్రులా
తీరిగ్గా అడుక్కి దిగుతుంది.
ఆసిడ్ పడితే తేనె.
గంజి వేస్తే నీలం.
గంజంటే మరేదో కాదు, పొద్దున్నే
మస్తాన్ భాయ్ స్టవ్వు మీద కాచిందే.
ఇక బ్యూరెట్ నించి చుక్క,
చుక్క,
ఇంకో చుక్కకి నీలం మాయం.
అక్కడ చెయ్యి ఆగాలి.
మూడేళ్ళలో నేను నేర్చింది
చాలామటుకు ఆ ఆగడమే.

ప్రాజెక్టుకి చోటు ఎంచుకోమన్నారు.
గుంటల మురుగు బకింగ్‌హాం కాలవలో పడే తూము
అని రాసిచ్చాను.
నాయన మొదటిసారి కూల్‌డ్రింక్ సీసాలో పట్టి
బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు.
సగం నీళ్ళు, సగం గాలి, పైన నురగ.
"ఇట్టా కాదు నాయనా, గాలి కలిస్తే లెక్క తప్పుద్ది."
ఆదివారం నేనే పోయి చూపించాను.
మొలలోతులో దిగి
సీసాని ఏటవాలుగా వంచి, మూతి నీళ్ళలో ముంచి
పసిబిడ్డకి ఉగ్గు పట్టినంత నిదానంగా నింపాడు.
పైకెత్తి సూర్యుడికడ్డంగా పెట్టి చూశాడు.
ఒక్క బుడగ లేదు.
"దీన్నేం జేస్తారు?"
"ఐదు రోజులు చీకట్లో పెడతాం.
లోపలి పురుగు ఎంత ఊపిరి తింటదో చూస్తాం."
"కాపలానే గదా," అన్నాడు.

ఐదు రాత్రులూ ఫోను చేశాడు.
"ఏమన్నాయి నీళ్ళు?"
ఏమీ అనవు నాయనా, అది పెట్టె, తాళమేసి ఉంది.

ఆరో పొద్దు మందులు పోశాను.
మడ్డి గోధుమ రంగు తిరగలేదు.
తెల్లగా, విరిగిన పాలలా, అట్టాగే ఉండిపోయింది.
ఊపిరి మిగల్లేదని అర్థం.
"ఇంకా పలచన చేసి మళ్ళీ పెట్టు," అన్నారు శశిరేఖ మేడం.
మళ్ళీ ఐదు రోజులు. ఈసారి అంకె వచ్చింది.
మేడం ఆ అంకె చుట్టూ ఎర్రగా గీసి
పక్క గడి మీద వేలు పెట్టారు:
నమూనా తీసిన చోటు.
"పేరు రాయకపోతే ఇది కథ, నీళ్ళు కాదు."

ఆ రాత్రి నేనే ఫోను చేశాను.
గుంటల ఆసామి సంగతీ, ఆయన జీతం సంగతీ
ఇద్దరం ఎత్తలేదు.
వెనక ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు.
అంతసేపు నాయన మాట్లాడకుండా ఉండటం
నేనెరగను.

"మూడో గుంట తూమని రాయి.
పట్టిందెవురని గడి ఉంటే చెంచయ్యని రాయి.
బుడగ లేకుండా పట్టాడని కూడా రాయి మే."

రాశాను.
బుడగ సంగతికి రికార్డులో గడి లేదు.
మార్జిన్‌లో, పెన్సిలుతో,
చిన్నక్షరాల్లో ఇరికించాను.